కంప్యూటర్ నాదంలో అనుస్వరాల లెక్క తప్పకూడదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. కంప్యూటర్‌తో సంగీత ధ్వనులు పుట్టించే పద్ధతులపై మీ విజ్ఞాన పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఈ విషయం మీద తెలుగులో రాసేవారే అరుదు కనుక ఆ ప్రయత్నాన్ని మనసారా అభినందిస్తున్నాను. సైన్, త్రిభుజ, చతురస్ర, రంపపు తరంగాల బొమ్మలు నాలుగూ చక్కగా వేశారు. అయితే తరంగం అంచులు ఎంత నిటారుగా, మూలలు ఎంత పదునుగా ఉంటే కంప్యూటర్ ధ్వని అంత నిక్కచ్చిగా వస్తుందన్న అర్థంలో ఆ బొమ్మల కింద రాసిన మాట మాత్రం పాఠకులను పక్కదారి పట్టించేదిగా ఉంది. డిజిటల్ ధ్వని విషయంలో వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. ఈ రంగంలో ప్రోగ్రాములు రాసేవాడిగా, కొత్తగా నేర్చుకునేవారు సరిగ్గా ఈ చోటే తడబడటం తరచూ చూస్తున్నవాడిగా, కొంచెం వివరంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను.

ఒకే ఆకారం మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే తరంగాన్ని సైన్ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1807లో ప్రతిపాదించారు. ఉష్ణ ప్రసారంపై ఆయన రాసిన గ్రంథం 1822లో అచ్చయింది. లగ్రాంజ్ వంటి ఉద్దండుడే మొదట దీన్ని ఒప్పుకోలేదు. నున్నని సైన్ వక్రాలను కలిపితే నిటారు గీత ఎలా వస్తుందన్న సందేహం ఎవరికైనా రావలసిందే, ఆ సందేహం ఎంత లోతైనదో ఈ లేఖలోనే కాస్త ముందుకు వెళ్లాక తెలుస్తుంది. ఆ సైన్ తరంగాల పౌనఃపున్యాలు ప్రాథమిక పౌనఃపున్యానికి పూర్ణాంక గుణిజాలుగా ఉంటాయి. 220 హెర్ట్జ్ స్వరం మోగితే దానితోపాటు 440, 660, 880 ఇలా వరుసగా అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, మోగుతుంటాయి. రెండు వాద్యాలు ఒకే శ్రుతిలో ఒకే మోతాదులో పలికినా వేరువేరుగా వినిపించడానికి ఈ అనుస్వరాల బలాబలాల్లోని తేడాయే ప్రధాన కారణమని హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన గ్రంథంలో ప్రయోగపూర్వకంగా చూపించారు.

మీ వ్యాసంలోని నాలుగు తరంగాలనూ ఈ దృష్టితో చూస్తే బొమ్మలు చెప్పని సంగతులు బయటపడతాయి. సైన్ తరంగంలో ప్రాథమిక స్వరం తప్ప మరేదీ లేదు. రంపపు తరంగంలో అన్ని అనుస్వరాలూ ఉంటాయి. రెండోది ప్రాథమికంలో సగం, మూడోది మూడో వంతు, పదోది పదో వంతు బలంతో ఉంటాయి. చతురస్ర తరంగంలో బేసి అనుస్వరాలు మాత్రమే ఉంటాయి, అవీ ఇదే నిష్పత్తిలో తగ్గుతాయి. త్రిభుజ తరంగంలోనూ ఉండేవి బేసివే గానీ, మూడోది తొమ్మిదో వంతుకు, ఐదోది ఇరవై ఐదో వంతుకు పడిపోతుంది. చతురస్ర తరంగం బోలుగా, గరుకుగా, త్రిభుజ తరంగం మెత్తగా వినిపించడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. ఇలా ఎందుకు తగ్గుతాయన్నది మరింత ఆసక్తికరమైన ప్రశ్న. తరంగం విలువ ఉన్నట్టుండి దూకే చోటు ఉంటే అనుస్వరాల బలం వాటి సంఖ్యకు విలోమంగా, అంటే పౌనఃపున్యం రెట్టింపయ్యే ప్రతి స్థాయికీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. విలువ దూకకుండా వాలు మాత్రమే హఠాత్తుగా మారితే, అంటే దూకుడు లేకుండా మూల మాత్రమే ఉంటే, సంఖ్య వర్గానికి విలోమంగా, స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. చతురస్ర తరంగాన్ని సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే త్రిభుజ తరంగం వస్తుంది. సమాకలనం ప్రతి అనుస్వరాన్నీ దాని సంఖ్యతో భాగిస్తుంది కనుకనే అక్కడి మూడో వంతు ఇక్కడ తొమ్మిదో వంతయింది. తరంగం ఆకారాన్ని మలిచేవారు నిజానికి నిర్ణయిస్తున్నది అనుస్వరాలు ఎంత వేగంగా తగ్గాలన్నదే.

దీన్ని ఎవరైనా స్వయంగా చేసి చూడగలిగే చిన్న ప్రయోగం ఉంది. రెండు రంపపు తరంగాలను తీసుకుని, ఒకదాన్ని సగం ఆవర్తనం (ఆకారం ఒకసారి పూర్తయ్యే కాలంలో సగం) ఆలస్యంగా నడిపి, మొదటి దానిలోంచి తీసివేయాలి. సరి అనుస్వరాలు రెండింటిలోనూ ఒకే దశలో, అంటే ఒకేసారి లేస్తూ పడుతూ, ఉంటాయి కనుక రద్దయిపోతాయి. బేసివి ఎదురు దశల్లో ఉంటాయి కనుక తీసివేతలో రెట్టింపవుతాయి. మిగిలేది చతురస్ర తరంగం. ఆలస్యాన్ని ఆవర్తనంలో మూడో వంతుకు మారిస్తే 3, 6, 9వ అనుస్వరాలు మాయమవుతాయి. నాలుగో వంతుకు మారిస్తే 4, 8, 12వవి తప్పుకుంటాయి. ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఈ ఖాళీలు అనుస్వరాల వరుస మీదుగా జరుగుతూ, ఒకే స్వరం క్షణక్షణం గొంతు మార్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. సింథసైజర్లలో, అంటే ధ్వనిని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాద్యాల్లో, పల్స్ విడ్త్ మాడ్యులేషన్ పేరుతో ఉండేది ఇదే. తరంగాన్ని బొమ్మగా మాత్రమే చూసేవారికి పల్స్ సన్నబడటం కనిపిస్తుందే తప్ప, ఏ అనుస్వరం ఎందుకు తప్పుకుందో కనిపించదు.

బొమ్మను పూర్తిగా నమ్ముకోరాదనడానికి మరో నిదర్శనం చెబుతాను. చతురస్ర తరంగంలోని అనుస్వరాల బలాలను అలాగే ఉంచి, దశలను మాత్రం ఇష్టం వచ్చినట్టు మార్చి కలిపితే, తెర మీద కనిపించే ఆకారం చతురస్రాన్ని ఏమాత్రం పోలి ఉండదు. అయినా నిలకడగా సాగే మధ్యస్థాయి స్వరంలో చెవికి ఆ రెండింటి మధ్య తేడా చాలా స్వల్పం. బాగా కింది స్వరాల్లో దశల ప్రభావం కొంత వినిపిస్తుందనీ, ఆ తరంగాన్ని వక్రీకరణ (డిస్టార్షన్) గుండా పంపితే తేడా బయటపడుతుందనీ ఒప్పుకోవలసిందే. అయితే సాధారణంగా చెవి పట్టించుకునేది ఏ అనుస్వరం ఎంత బలంగా ఉందన్నదాన్నే.

ఇక అసలు ఆక్షేపణకు వస్తాను. డిజిటల్ వ్యవస్థ ధ్వనిని సెకనుకు ఇన్ని శాంపిళ్ల, అంటే తరంగం విలువను కొలిచిన నమూనాల, చొప్పున సంఖ్యలుగా రాసుకుంటుంది. సీడీల ప్రమాణం సెకనుకు 44,100. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్, ఆ వ్యవస్థలో ఇమడగల పౌనఃపున్యాలకు హద్దు. గణితంలోని రంపపు తరంగపు అనుస్వరాలకేమో అంతు లేదు. 440 హెర్ట్జ్ స్వరంలో యాభయ్యో అనుస్వరం 22,000 దగ్గర ఉంటుంది; యాభై ఒకటోది 22,440 కనుక హద్దు దాటిపోయింది. దాటినవి వినిపించకుండా పోతే ఏ బాధా లేదు. అవి అలా పోవు. హద్దు దగ్గర వెనక్కి మడత పడి, వేరే పౌనఃపున్యంతో వినిపించే ప్రాంతంలోకి వచ్చి చేరతాయి. దీన్నే ఏలియాసింగ్ అంటారు. బొమ్మలో ఉన్న నిటారు అంచును యథాతథంగా సూత్రం నుంచి లెక్కగట్టి శాంపిళ్లుగా మార్చినప్పుడు జరిగేది ఇదే.

ఉదాహరణకు 3,000 హెర్ట్జ్ రంపపు తరంగాన్ని ఆ విధంగా తయారుచేశామనుకుందాం. ఏడో అనుస్వరం వరకు, అంటే 21,000 దాకా అంతా సక్రమం. 24,000 దగ్గర ఉండవలసిన ఎనిమిదోది 20,100 దగ్గర పడుతుంది. తొమ్మిదోది 17,100, పదోది 14,100, పదకొండోది 11,100, ఇలా దిగుతూ వచ్చి పద్నాలుగోది 2,100 దగ్గర, పదిహేనోది 900 దగ్గర తేలతాయి. ప్రాథమిక స్వరమే 3,000 అయినప్పుడు, దానికంటే కిందుగా, దానికి ఏమీ కాని రెండు స్వరాలు పద్నాలుగో వంతు, పదిహేనో వంతు బలంతో మోగుతున్నాయన్నమాట. అది ప్రాథమికం కంటే 23 డెసిబెల్స్ తక్కువే అయినా, ప్రాథమికానికి దిగువన కప్పిపుచ్చే అనుస్వరాలేవీ లేవు కనుక చెవి వాటిని ఇట్టే పట్టేస్తుంది. దీనికి కారణం శాంపిళ్ల దగ్గరే దొరుకుతుంది. 3,000 హెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఆవర్తనానికి 14.7 శాంపిళ్లు రావాలి. శాంపిల్‌ను ముక్కలు చేయలేం కనుక రంపపు పన్ను తెగిపడే చోటు ప్రతి పది ఆవర్తనాల్లోనూ ఏడుసార్లు 15 శాంపిళ్లకు, మూడుసార్లు 14 శాంపిళ్లకు వస్తుంది. ఆ హెచ్చుతగ్గులే పరాయి స్వరాలుగా వినిపిస్తున్నాయి. తెర మీద మాత్రం గీత పదునుగా, ముచ్చటగానే ఉంటుంది.

స్వరాన్ని నిలకడగా ఉంచకుండా కింది నుంచి పైకి జార్చినప్పుడు ఈ లోపం మరీ స్పష్టమవుతుంది. అసలు అనుస్వరాలన్నీ పైకి ఎక్కుతూ ఉంటే హద్దు దగ్గర ఒకసారి మడత పడినవి ఎదురుగా కిందికి దిగుతూ ఉంటాయి. ఏ తీగ వాద్యమూ, ఏ గాలి వాద్యమూ ఇలా ప్రవర్తించదు. పైగా ఒకసారి లోపలికి వచ్చి, అసలు అనుస్వరాల నడుమ కూర్చున్న ఈ స్వరాలను తర్వాత మామూలు ఫిల్టర్‌తో ఏరివేయడం సాధ్యం కాదు. కంప్యూటర్ ధ్వని కర్కశంగా ఉంటుందని సంగీతం ఎరిగినవారు చేసే ఫిర్యాదులో కొంత భాగానికి మూలం ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. దాన్ని డిజిటల్ పద్ధతికి పుట్టుకతో వచ్చిన దోషంగా చూడటం అన్యాయం. హద్దు ఎక్కడుందో ముందే తెలిసి కూడా లెక్క చూసుకోకపోవడం వల్ల వచ్చిన దోషమది.

హద్దు లోపల పట్టే అనుస్వరాలను ముందుగా లెక్కబెట్టి, వాటిని మాత్రమే కలిపి తరంగాన్ని కట్టడం అన్నిటికన్నా నిజాయితీ గల మార్గం. 44,100 శాంపిళ్ల వ్యవస్థలో 55 హెర్ట్జ్ స్వరానికి 400 అనుస్వరాలు పడతాయి. 110కి 200, 220కి 100, 440కి 50, 880కి 25, 1,760కి 12, 3,520కి 6 మాత్రమే. ప్రతి స్వరానికీ ప్రతి క్షణం ఇన్నిన్ని సైన్‌లను లెక్కగట్టడం భారం కనుక స్థాయికి ఒకటి చొప్పున తరంగపు విలువల పట్టికలు ముందే వేసి పెట్టుకునే అలవాటు ఉంది. ఇందులోనూ ఒక చిక్కు లేకపోలేదు. స్థాయి మొత్తానికి ఒకే పట్టిక అంటే అందులోని పై స్వరానికి సరిపోయేన్ని అనుస్వరాలే ఉంచాలి. అప్పుడు అదే స్థాయిలోని కింది స్వరం తనకు రావలసిన అనుస్వరాల్లో దాదాపు సగం కోల్పోతుంది. మెట్లు ఎక్కుతున్న కొద్దీ ఒక్కో చోట ధ్వని కాంతి హఠాత్తుగా మారడం కూడా వినిపిస్తుంది. కాబట్టి స్థాయిని మూడు నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగానికి వేరే పట్టిక ఉంచి, పక్క పక్క పట్టికల మధ్య మెల్లగా మారడమే మేలని నా అభిప్రాయం. మెమరీకి కరవు లేని ఈ కాలంలో దీనికి పిసినారితనం అక్కర్లేదు.

ఇలా పరిమిత సంఖ్యలో అనుస్వరాలు కలిపిన చతురస్ర తరంగాన్ని తెర మీద చూసినప్పుడు కొత్తవారికి నిరాశ కలుగుతుంది. అంచుల దగ్గర చిన్న చిన్న అలలు కనిపిస్తాయి, దూకుడు ఎత్తులో సుమారు 9 శాతం మేర ఒక కొమ్ము పైకి పొడుచుకొస్తుంది. అనుస్వరాలను ఎంత పెంచినా ఆ కొమ్ము సన్నబడుతుందే తప్ప దాని ఎత్తు తగ్గదు. లగ్రాంజ్ సందేహంలోని లోతు ఇక్కడ కనిపిస్తుంది. 1848లో విల్‌బ్రహామ్ దీన్ని గమనించి రాసినా, 1899లో మళ్లీ వివరించిన గిబ్స్ పేరే దీనికి స్థిరపడింది. చూపుకు లోపభూయిష్టంగా ఉన్న ఈ తరంగంలోనే పరాయి స్వరం ఒక్కటీ ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: ప్లస్ 1, మైనస్ 1 మధ్య ఉండవలసిన చతురస్ర తరంగం ఆ కొమ్ము వల్ల దాదాపు 1.18 దాకా పోతుంది కనుక, ముందే మట్టం తగ్గించకపోతే శిఖరాలు తెగిపోయి, తెగిన చోట అదుపులేని అనుస్వరాలు మళ్లీ పుట్టుకొస్తాయి.

పట్టికలు వద్దనుకునేవారికి వేరే దారులూ ఉన్నాయి. 1996లో స్టిల్సన్, స్మిత్ ప్రతిపాదించిన పద్ధతిలో హద్దు లోపలి అనుస్వరాలన్నీ సమాన బలంతో ఉండే అతి సన్నని పల్స్‌ల వరుసను ముందు తయారుచేసి, దాన్ని సమాకలనం చేసి రంపపు తరంగాన్ని రాబడతారు. ఆ తర్వాత వచ్చిన తేలిక పద్ధతుల్లో, దూకుడు రెండు శాంపిళ్ల మధ్య సరిగ్గా ఎక్కడ పడిందో కనిపెట్టి, దాని అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను చిన్న బహుపది (పాలినామియల్) సూత్రంతో సవరిస్తారు. మడత స్వరాలు పూర్తిగా పోకపోయినా చాలా మేరకు అణగిపోతాయి.

పునాది ఇలా పడ్డాకే అనుస్వరాలను మలచడం గురించి మాట్లాడాలి. నిండైన రంపపు తరంగాన్ని తీసుకుని, పై అనుస్వరాలను ఫిల్టర్‌తో తగ్గించే తీసివేత పద్ధతి అందరికీ తెలిసిందే, మీ వ్యాసమూ దాన్ని బాగానే వివరించింది. సైన్ తరంగం నుంచే మొదలుపెట్టి దాన్ని ఒక వక్ర సూత్రం గుండా పంపి అనుస్వరాలు పుట్టించే వేవ్‌షేపింగ్ పద్ధతికి మాత్రం అందులో చోటు దక్కలేదు. 1979లో లెబ్రన్, ఆర్ఫిబ్ విడివిడిగా ప్రచురించిన పరిశోధనలు దీనికి గట్టి గణిత రూపం ఇచ్చాయి. చెబిషెవ్ బహుపదులకు ఒక అపురూపమైన గుణం ఉంది: పూర్తి బలంతో ఉన్న సైన్ తరంగాన్ని మూడో బహుపది గుండా పంపితే మూడో అనుస్వరం ఒక్కటే, ఐదో దాని గుండా పంపితే ఐదోది ఒక్కటే బయటికి వస్తుంది. మూడో బహుపది అంటే ఇన్‌పుట్ ఘనానికి నాలుగు రెట్లలోంచి ఇన్‌పుట్‌కు మూడు రెట్లు తీసివేయడం, అంతే. కావలసిన అనుస్వరాలకు తగిన పాళ్లలో ఈ బహుపదులను కలిపి, కోరిన నాదగుణాన్ని లెక్క ప్రకారం రాబట్టవచ్చు. ఇన్‌పుట్ బలాన్ని సగానికి తగ్గించినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఈ పద్ధతి అందం బోధపడుతుంది. అదే మూడో బహుపది ఇప్పుడు ప్రాథమిక స్వరాన్నే ప్రధానంగా ఇచ్చి, మూడో అనుస్వరాన్ని దానిలో తొమ్మిదో వంతు మాత్రమే ఉంచుతుంది. ఒక్క బలాన్ని కదిపితే అనుస్వరాల అమరిక అంతా మారిపోతుంది. మరో మంచి సంగతి, బహుపది ఘాతం ఎంతో అంతకు మించిన అనుస్వరం పుట్టదు. ఐదో ఘాతపు బహుపదికి ఐదో అనుస్వరమే ఆఖరు. కనుక మడత పడుతుందో లేదో ముందే చెప్పవచ్చు. తరంగం శిఖరాలను నిలువునా నరికే మామూలు క్లిప్పింగ్‌లో ఈ హామీ లేదు. అక్కడ శాంపిళ్ల వేగాన్ని నాలుగు రెట్లకు, అంటే 176,400కు పెంచి ఆ పని చేసి, పైవాటిని ఫిల్టర్ చేశాక తిరిగి 44,100కు దించడం వంటి శ్రమ తప్పదు.

స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టి 1973లో ప్రచురించిన ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ లేదా ఎఫ్‌ఎం పద్ధతి మరో దిశ నుంచి ఇదే చోటికి చేరుకుంటుంది. ఒక సైన్ తరంగపు పౌనఃపున్యాన్ని మరో సైన్ తరంగంతో వేగంగా ఊపితే దాని ఇరువైపులా పక్క పౌనఃపున్యాలు పుడతాయి. రెండింటి నిష్పత్తి ఒకటికి ఒకటి అయితే అన్ని అనుస్వరాలూ వస్తాయి. ఊపే తరంగం పౌనఃపున్యం రెట్టింపైతే బేసివే వస్తాయి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్ దీని మీదే నిలబడింది.

ఈ పద్ధతులను నేను ఇంతగా సమర్థించడానికి కారణం సంగీతంలోనే ఉంది. నిజమైన వాద్యంలో అనుస్వరాల అమరిక ఎప్పుడూ స్థిరంగా ఉండదు. బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో జాన్-క్లోడ్ రిస్సే 1960లలో ట్రంపెట్ స్వరాలను కంప్యూటర్‌తో విశ్లేషించి, ధ్వని బలం పెరిగే కొద్దీ పై అనుస్వరాల వాటా కూడా పెరుగుతుందని చూపించారు. స్వరం మొదలయ్యే తొలి క్షణాల్లో అవి ఒక్కొక్కటిగా వచ్చి చేరే తీరులోనే ఆ వాద్యపు ముద్ర ఉంది. ఒకే ఆకారపు తరంగాన్ని మొదటి నుంచి చివరి దాకా తిప్పుతూ పోతే ఎంత శుద్ధంగా లెక్కగట్టినా అది యంత్రంలాగే వినిపించడానికి ఇదే కారణం. వేవ్‌షేపింగ్‌లో ఇన్‌పుట్ బలాన్నీ, ఎఫ్‌ఎంలో ఊపు తీవ్రతనూ స్వరం బలంతో జతచేస్తే ఈ గుణం సహజంగా అమరుతుంది.

శ్రుతి మారినప్పుడు ఏం కావాలన్నది ఇంకో ప్రశ్న. పురుషుల గొంతులో ‘ఆ’ అన్న అచ్చు సుమారు 700, 1,200 హెర్ట్జ్ ప్రాంతాల్లోని అనుస్వరాలు బలపడటం వల్ల ‘ఆ’గా వినిపిస్తుంది. పాడేవారు శ్రుతి పెంచినా ఆ ప్రాంతాలు దాదాపు అక్కడే ఉంటాయి. వాటిలోకి వచ్చిపడే అనుస్వరాల సంఖ్యలు మారిపోతాయి. మూడో అనుస్వరం ఇంత, ఐదోది ఇంత అని ఒకే జాబితా రాసుకుని అన్ని శ్రుతులకూ వాడితే అచ్చు చెడిపోయి, పై శ్రుతుల్లో గొంతు పిల్లల గొంతులా పీలగా తయారవుతుంది. ఫిల్టర్‌ను శ్రుతితో పాటు జరపాలా, ఒకే చోట నిలపాలా అన్నది ఏ ధ్వనిని ఉద్దేశించామన్న దాన్నిబట్టి తేల్చుకోవలసిన విషయం. రెండింటినీ కొంత కొంత కలపడమే చాలాసార్లు వినసొంపుగా ఉంటుంది.

మీ వ్యాసానికి తరువాయి భాగం ఉందని ప్రకటించారు కనుక రెండు విన్నపాలు చేస్తున్నాను. పదునైన మూలల గురించిన ఆ మాటను సవరించి, నాలుగు తరంగాల బొమ్మల పక్కనే వాటి అనుస్వరాల బలాలను చూపే నిలువు గీతల పటాలు కూడా వేయించండి. రెండోది, 3,000 హెర్ట్జ్ రంపపు తరంగాన్ని సూత్రం నుంచి నేరుగా ఒకసారి, మొదటి ఏడు అనుస్వరాలను మాత్రమే కలిపి మరొకసారి తయారుచేయించి, ఆ రెండు ధ్వనులనూ మీ వెబ్‌సైట్‌లో పక్కపక్కనే పెట్టించండి. నేర్పే ఉపాధ్యాయులకూ, నేర్చుకునే పిల్లలకూ నేను రాసిన ఈ పుటలన్నిటికంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు